దొరను కూర్చోబెట్టాలి

23 జనవరి 1961, సోమవారం

సూర్యాపేట దారాల షావుకారు ఇచ్చిన డైరీ ఇన్నాళ్ళూ కుట్టుమిషను కింద పడి ఉంది. ఈరోజు దానికి పని దొరికింది.

వచ్చే నెలాఖరుకు మా తిరుమలగిరి అంగడి మైదానంలో పంచాయతీ సమితి వాళ్ళు వ్యవసాయ ప్రదర్శన పెడుతున్నారు. ఎడ్లు, గొర్రెలు, కోళ్ళు మామూలే. ఈసారి కుక్కల పోటీ కూడా. చాటింపు వేసినవాడు ఆ ముక్క రెండుసార్లు చెప్పాడు. మొదటిసారి ఎవరూ నమ్మలేదు.

పోయిన ఏడు మా బామ్మర్ది సాయిలు గిత్తకు మొదటి బహుమతి వచ్చింది. ఆ కాగితానికి అద్దం కట్టించి గోడకు తగిలించాడు. వాళ్ళింటికి వెళ్తే ముందు దాన్ని చూడాలి, ఆ తర్వాతే మంచినీళ్ళు. మొన్న నలుగురిలో అన్నాడు: "బావా, నీకు ఎడ్లు లేకపాయె, గొర్లు లేకపాయె. పోటీకి ఏం తోలుకపోతవ్, కుట్టుమిషన్నా?" నలుగురూ నవ్వారు. వాళ్ళ చెల్లెలు, అంటే నా భార్య కౌసల్య, అందరికంటే ఎక్కువ నవ్వింది.

నాకు కుక్క ఉంది. ఎర్రటి వాడు. ఒక చెవి నిలబడుతుంది, ఒకటి పడిపోతుంది. పేరు దొర. పేరు మా అమ్మ నర్సింగమ్మ పెట్టింది. "పొద్దు నెత్తిమీదికొచ్చేదాక లేవడు. ఒక్క పని ముట్టడు. తినేకాడ ముందుంటడు. వాకిట్లకు ఎవలొచ్చినా అరుస్తడు. దొరగాక మరేంది?" అంది. ఆ పేరే నిలిచింది.

నిర్ణయం: రేపటి నుంచి రోజూ పొద్దున, సాయంత్రం దొరకు తాలీమ్. కూర్చోమంటే కూర్చోవాలి. రమ్మంటే రావాలి. పక్కన నడవాలి. పక్కింట్లో గంజి తాగడం బంద్. సాయిలు ఇంటి గోడ మీద ఉన్న కాగితం కంటే పెద్ద కాగితం మా గోడ మీదికి రావాలి.

24 జనవరి

తాలీమ్ మొదలైంది. "దొరా, కూసో" అన్నాను. కూర్చున్నాడు. అసలు నేను అనకముందే కూర్చుని ఉన్నాడు. అయినా లెక్కలోకి తీసుకున్నాను.

కౌసల్య చాట చెరుగుతూ చూసింది. "కూసున్నోన్ని కూసొమ్మంటే కూసోక ఏం జేస్తడు?"

ఆడవాళ్ళకు తాలీమ్ సంగతి తెలియదు.

26 జనవరి

అద్భుతమైన రోజు. వాడిని బడి దగ్గర జెండా వందనానికి తీసుకెళ్ళాను, జనానికి అలవాటు పడతాడని. అందరూ నిలబడ్డారు. నేను ఊరికే చిటికె వేశాను, దొర కూర్చున్నాడు. ఊరంతటిలో ఆ క్షణాన కూర్చున్నది వాడొక్కడే. హెడ్మాస్టరు నా వైపు చూసిన చూపు బాగాలేదు. కానీ చిటికెకు కూర్చున్నాడు. అది ముఖ్యం.

29 జనవరి, ఆదివారం

పెళ్ళికొడుకు జాకెట్టు కుట్టగా మిగిలిన ఎర్ర మఖ్మల్‌తో దొరకు కోటు కుట్టాను. మెడ దగ్గర రెండు బంగారు రంగు గుండీలు. కొలతలు తీసుకుంటుంటే నా చేయి నాకాడు. గిరాకీల్లో ఇంత మర్యాద చూపినవాళ్ళు తక్కువ.

తొడిగాక మాత్రం వాడు కదల్లేదు. బొమ్మలా నిలబడిపోయాడు. తోక కోటు కిందికి పోయింది.

"వానికి సిగ్గయితుంది" అంది అమ్మ.

"సిగ్గు కాదమ్మా, ఠీవి" అన్నాను.

కౌసల్య వచ్చి వాడి ముందు కూర్చుని చెవి నిమిరింది. "పోటీకి పోవుడు వానికి ఇష్టమేనా, ఒక్కసారన్న అడిగినవా?"

"కుక్కను ఏం అడుగుతరు?"

"నోటితోటి అడుగుతరా? తోక చూస్తె తెలుస్తది గద. నువ్వేమో తోకనే కప్పి పెట్టినవ్."

కోటు వెనకభాగం రెండు వేళ్ళు తగ్గించాను. ఆమె చెప్పినందుకు కాదు. కోత సరిగా లేదు.

2 ఫిబ్రవరి

ఒక చిక్కు వచ్చి పడింది. బహుమతులు ఇచ్చేది సమితి ప్రెసిడెంటు. సమితి ప్రెసిడెంటు మా పెద్దదొర. నా కుట్టుమిషను ఉన్న గది పెద్దదొర కోటలాంటి గడీ గోడకు ఆనుకుని ఉంది. ఆయన జాగా, నేను కిరాయిదారుని. పదేళ్ళ కింద ఈ ఊళ్ళో జనం ఆ గడీ ముందు నిలబడి కేకలు వేశారు. ఇప్పుడు అదే జనం అదే గడీ ముందు వోటు చీటీల కోసం నిలబడుతున్నారు. కాలం మారింది గానీ, ఆయన ముందు నిలబడి "దొరా, కూసో" అనేంత మారలేదు.

"ఇరవై యేండ్ల కింద అయితే నాలుక కోద్దురు. ఇప్పుడు జాగా ఖాళీ చేయిస్తరు. గంతే తేడా" అంది అమ్మ, చాలా ప్రశాంతంగా. పేరు పెట్టింది ఆమె. జాగా పోయేది నాది.

కాబట్టి ఈరోజు నుంచి వాడి పేరు టైగర్.

3 ఫిబ్రవరి

టైగర్ అని పిలిచాను. రాలేదు. గట్టిగా పిలిచాను. వాడి వెనక ఎవరో ఉన్నారేమోనని వాడే తిరిగి చూసుకున్నాడు. గల్లీలో వాళ్ళంతా బయటికి వచ్చారు. చివరికి బెల్లం ముక్క చూపిస్తూ టైగర్ అన్నాను, పరుగెత్తుకొచ్చాడు. సంతోషం. తర్వాత బెల్లం చూపిస్తూ "సాయిలు" అన్నాను. దానికీ వచ్చాడు.

9 ఫిబ్రవరి

పెళ్ళిళ్ళు మీద పడ్డాయి. రవికెలు కుప్పగా ఉన్నాయి. ఐదు రోజులుగా తాలీమ్ పొద్దున మాత్రమే. నిజం రాస్తే, పొద్దున కూడా లేదు. అయినా మంచం మీద నుంచి "టైగర్" అంటూనే ఉన్నాను. చెవిలో పడితే చాలు.

12 ఫిబ్రవరి, ఆదివారం

పొద్దున్నుంచీ కనిపించని దొర కటికె దుకాణం దగ్గర దొరికాడు. కోటు తొడిగి ఊళ్ళో నడిపిద్దామనుకున్నాను. కోటు చూడగానే మంచం కిందికి దూరాడు. లాగితే గుర్రుమన్నాడు. నా మీద వాడు గుర్రుమనడం ఇదే మొదటిసారి. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కాసేపు ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.

పోటీకి ముందు విశ్రాంతి అవసరం. పహిల్వాన్లు కూడా అలాగే చేస్తారట.

16 ఫిబ్రవరి

సాయిలు వచ్చాడు. అమ్మ అన్నం పెట్టింది. దొర ఆయన కాళ్ళ దగ్గర పడుకుని తోక ఆడించాడు. ఇంట్లో ఇంకెవరికీ అంత ఆడించడు.

"బావా, వీనికి బహుమతొస్తె నా గోడ మీది అద్దం తీసేస్త. రాకపోతె నా గిత్తకు గీసొంటి మఖ్మల్ కోటు కుట్టాలె."

"కుడ్త. కొలతలకు రెడీగుండు."

"నాకా, గిత్తకా?"

కౌసల్య మళ్ళీ నవ్వింది. అన్నం అడుగంటితే కూడా ఈమధ్య నన్ను చూసే నవ్వుతోంది.

25 ఫిబ్రవరి, శనివారం

రేపే పోటీ. వాడికి వచ్చినవి: కూర్చోవడం (ఇష్టమైనప్పుడు). రావడం (బెల్లానికి). రానివి: మిగతావన్నీ. స్నానం చేయించాను. వెంటనే వెళ్ళి ఎర్రమట్టిలో పొర్లి వచ్చాడు. మళ్ళీ చేయించలేదు. రంగు ఒకటే కదా.

26 ఫిబ్రవరి, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మైదానమంతా జనం. డప్పులు. మైకులో ఎవరో "హలో, హలో" అంటూ పొద్దున్నుంచీ మైకునే పలకరిస్తున్నారు. షామియానా కింద కుక్కలను వరుసగా నిలబెట్టారు. ఒక పటేలు వేటకుక్క, ఒక గొర్రెల కాపరి నల్లకుక్క, కొత్తగా బదిలీ మీద వచ్చిన ఆఫీసరు భార్య తెచ్చిన తెల్ల బొచ్చుకుక్క, ఇంకా రెండు మూడు, చివర మేము. ఎర్ర కోటు తొడుక్కున్నది మావాడు ఒక్కడే. దానికి కూడా చప్పట్లు పడ్డాయి. నా ఛాతీ ఉబ్బింది.

ఎదురుచూపు చాలాసేపు సాగింది. చూడకూడదనుకుంటూనే కుక్కల మొహాలు చూశాను. కౌసల్య మాట చెవిలో ఉండిపోయింది. వేటకుక్క నేల గీరుతోంది. నల్లకుక్క తోక ఆడిస్తోంది గానీ, దాని చూపంతా అవతలి దొడ్లో ఉన్న గొర్రెల మీదే. తెల్ల కుక్క మాత్రం ఎంత బాగా కూర్చుందో, కదలదు, మెదలదు.

"మా వాడికి పోటీలంటే ఎంత ఇష్టమో. హైదరాబాదులో కూడా గెలిచాడు" అంది ఆఫీసరు భార్య నాతో.

ఆ ఇష్టం ఎక్కడుందా అని వంగి చూశాను. డప్పు మోగినప్పుడల్లా దాని ఒళ్ళు వణుకుతోంది. మాటిమాటికీ మూతి నాక్కుంటోంది. కళ్ళు ఆమె చేతి మీద ఉన్నాయి, ఆ చెయ్యి ఎప్పుడు ఇంటికి పదమంటుందా అన్నట్టు. మావాడి వైపు చూశాను. వాడూ అలాగే మూతి నాక్కుంటున్నాడు. పొద్దున పెట్టిన రొట్టె వాడు ముట్టలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

అప్పుడే తాడు పట్టుకుని ఇంటికి వచ్చేయాల్సింది. రాలేదు. సాయిలు దూరం నుంచి చూస్తున్నాడు.

పశువుల డాక్టరు ఒక్కొక్కరినే పిలుస్తూ మా దగ్గరికి వచ్చాడు. పక్కనే మైకు. వేదిక మీద పెద్దదొర ఉపన్యాసం కోసం అప్పుడే కుర్చీలోంచి లేచాడు.

"పేరు పెట్టి పిలిచి కూర్చోబెట్టవయ్యా" అన్నాడు డాక్టరు.

"టైగర్, కూసో."

వాడు ఆకాశం వైపు చూశాడు.

"టైగర్, కూసో." బెల్లం చూపించాను. బెల్లం కూడా వద్దన్నాడు. వాడు బెల్లం వద్దనడం ఎన్నడూ ఎరగను.

జనంలోంచి మా అమ్మ గొంతు వినిపించింది. "పెట్టిన పేరుతోటి పిలువురా. వానికి టైగరంటే ఏమెరుక?"

డాక్టరు కాగితం మీద ఏదో కొట్టేస్తున్నాడు. సాయిలు పళ్ళు కనిపిస్తున్నాయి. నాకు ఏమైందో తెలియదు. మైకు ఎంత దగ్గరగా ఉందో చూసుకోలేదు. గొంతెత్తి అరిచాను.

"దొరా, కూసో."

మైదానం నాలుగు మూలలా ఆ మాట వినిపించింది. కుక్క కూర్చోలేదు. పెద్దదొర కూర్చున్నాడు.

అలవాటు లేని గొంతుతో అంత గట్టిగా చెప్తే ఎవరైనా కూర్చుంటారేమో. కూర్చున్నాక గానీ ఆయనకు అర్థం కాలేదు. పక్కనున్న ఆఫీసరు, ఇదీ కార్యక్రమంలో భాగమే అనుకుని తానూ కూర్చున్నాడు. ఒక్క నిమిషం డప్పులు కూడా ఆగాయి. తర్వాత నవ్వు మొదలైంది. ముందు ఎడ్ల దొడ్డి వైపు, తర్వాత ఆడవాళ్ళ వైపు, తర్వాత అన్ని వైపులా. కొందరు ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. చాలా ఏళ్ళ నవ్వు బాకీ ఉన్నట్టు నవ్వారు.

ఆ గోలకు మావాడు బెదిరాడు. ఒక్క గుంజు గుంజాడు. గుండీలు తెగాయి. కోటు, తాడు నా చేతిలో ఉన్నాయి. దొర లేడు.

బహుమతి తెల్ల కుక్కకు వచ్చింది. చప్పట్లు కొట్టగానే అది ఆమె చీర కుచ్చెళ్ళలో తల దూర్చింది.

నేను బహుమతి సంగతి పట్టించుకోలేదు. కటికె దుకాణం, బస్సుల జాగా, గల్లీ గల్లీ తిరిగాను. "దొరా, దొరా" అని పిలుస్తూ తిరిగాను. పిలిచిన ప్రతిచోటా జనం నవ్వారు. ఇంటికి వెళ్తే అక్కడా లేడు. కౌసల్య నవ్వలేదు. "వాన్ని తీస్కరాకుంట ఇంట్లకు రాకు" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి గడప దాటకుండానే వెనక్కి తిరిగాను.

పొద్దు వాలుతుండగా మళ్ళీ మైదానానికి వచ్చాను. ఎడ్ల దొడ్లో సాయిలు గడ్డి మీద కూర్చుని ఉన్నాడు. పక్కన గిత్త పడుకుంది. గిత్త కడుపుకు ఆనుకుని, దాని కాళ్ళ మధ్య, మావాడు.

"డప్పులకు బెదిరి గీడికొచ్చిండు బావా. గిత్త ఏమనలే. అదీ బెదిరే ఉన్నది" అన్నాడు సాయిలు.

వెక్కిరిస్తాడని ఎదురుచూశాను. వెక్కిరించలేదు.

"గిత్తకు ఏమొచ్చింది?" అన్నాను.

"మూడోది. మెడల దండేసిండ్రు. దండ తిన్నది. పొద్దట్నుంచి దానికి మెచ్చింది గదొక్కటే." గడ్డిపరక తుంపాడు. "పోయిన యేడు మొదటిదొచ్చింది గద. ఇంటికొచ్చినంక మేత ముట్టలే బావా. ఎవలు దగ్గరికి పోయినా ఉలికిపడేది. దవాఖానకు తోలుకపోయిన. బతుకుతదో లేదో అనుకున్న. గా సంగతి ఎవలికి చెప్పలే. అద్దం చూసుకుంట కూసున్న."

"మళ్ల గీయేడు ఎందుకు తోలుకొచ్చినవ్?"

"నువ్వు కుక్కను తెస్తున్నవని."

 తర్వాత నేను దొరను పిలిచాను. తల ఎత్తి నా చేతిలోని కోటు చూశాడు, మళ్ళీ తల దించేశాడు. కోటు, తాడు అవతలికి విసిరేసి నేలమీద కూర్చున్నాను. అప్పుడు లేచాడు. వచ్చి నా తొడ మీద గడ్డం ఆనించాడు. ఒళ్ళంతా ఇంకా వణుకుతూనే ఉంది.

"గిత్తకు కోటు కుట్టాలె గద" అన్నాను.

"వద్దు బావా. దాని పాపానికి అది పోనియ్యి."

తాలీమ్ బంద్. శాశ్వతంగా.

27 ఫిబ్రవరి

దొర గంజి తాగాడు. పక్కింట్లో కూడా తాగాడు. ఏమీ అనలేదు.

పెద్దదొర మనిషి గుర్వయ్య వచ్చి "దొర రమ్మంటుండు" అన్నాడు. జ్వరంగా ఉందని చెప్పాను. అబద్ధమేమీ కాదు, ఆ మాట విన్నాక నిజంగానే వచ్చింది.

1 మార్చి

గుర్వయ్య మళ్ళీ వచ్చాడు. జ్వరం తగ్గలేదన్నాను. కౌసల్య మిషనుకు గుడ్డ చుట్టి కట్టింది, మోసుకుపోవడానికి వీలుగా. "జాగ పోతె మా అన్న అరుగు మీద పెట్టుకుందం. మిషను మనదే గద" అంది. ఆమె అలా అంటే ధైర్యం వచ్చింది. జ్వరం పోలేదు.

4 మార్చి, శనివారం

వెళ్ళాను. పెద్దదొర కుర్చీలో ఉన్నాడు. నేను నిలబడ్డాను. కూర్చోమని ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

"కుక్కకు గా పేరు ఎవరు పెట్టిండ్రు?"

"మా అమ్మ, దొరా."

"ఎందుకు పెట్టింది?"

గోడ మీద పులి తల ఉంది. దాని వైపు చూశాను. అదీ నాకు సాయం చేయలేదు.

"చెప్పకు" అన్నాడు ఆయన. "నాకెర్కనే." మీసం కింద ఏదో కదిలింది. నవ్వో కోపమో పోల్చుకోలేకపోయాను. గుర్వయ్యకు సైగ చేశాడు. గుర్వయ్య లోపలికి వెళ్ళి ఒక కుక్కపిల్లను తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. మచ్చల పిల్ల, పొడుగు చెవులు.

"హైద్రాబాద్‌కెళ్ళి తెప్పించిన. వచ్చే యేడు పోటీలకు దీన్ని తయారుచేసే పని నీది. కుక్క తయారైతేనే జాగ నీకుంటది."

"దొరా, కుక్కలకు పోటీలు ఇష్టముండవు" అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు.

"నాకు సమితి ఇష్టముందా? పోతలేనా?" అన్నాడు. "ఇంకొకటి. పేరు నేనే పెట్టిన. మార్చొద్దు."

"ఏం పేరు దొరా?"

"యాదగిరి."

అది నా పేరు.

6 మార్చి, సోమవారం

ఊరంతటికీ తెలిసిపోయింది. అమ్మ విని ఒక్కమాటే అంది: "లెక్క సమానమైంది." మా దొర కుక్కపిల్లను వాసన చూసి, గంజి తాగి, పడుకున్నాడు.

పిల్ల సంగతి చూస్తున్నాను. కోటు ఉండదు. డప్పులు ఉండవు. తోక చూసి చెప్తాను, దానికి ఇష్టముంటేనే పోటీ. లేకపోతే పెద్దదొరకు ఆ మాట చెప్పేది నేనే, జాగా పోయినా సరే. కానీ పిలిస్తే రావడం మాత్రం ఏ కుక్కకైనా మంచిదే. పిలవాలంటే పేరు కావాలి.

మావాళ్ళలో ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో అనరు. కౌసల్యకు నేను పెళ్ళినాటి నుంచి "ఏందయ్యా"నే. మొన్న జనాభా లెక్కలాయన వచ్చి మొగుడి పేరు అడిగితే, పక్కింటి బిక్షమ్మను పిలిచి చెప్పించింది.

ఈరోజు సాయంత్రం పిల్ల ఆమె చెప్పు ఎత్తుకుని వీధిలోకి పరుగెత్తింది. కౌసల్య గడపలోకి వచ్చి చిటికె వేసింది. "ఉష్, ఉష్" అంది. పిల్ల ఇంకా దూరం పోయింది. ఆమె అటూ ఇటూ చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత కొంగు తీసేసి, గల్లీ అంతా వినబడేట్టు పిలిచింది.

"యాదగిరీ, ఇటు రా."

పిల్ల కదల్లేదు. నేను మిషను దగ్గర నుంచి లేచి వెళ్ళాను.

ఆమె నన్ను చూసి ఎర్రబడింది. "నిన్ను గాదు."

"తెలుసు. పిల్ల రాలే గద. మళ్లొకసారి పిలువు."

పిలిచింది. ఈసారి మెల్లగా.

పేరు అలవాటు కావాలంటే రోజూ చాలాసార్లు పిలవాల్సి ఉంటుంది. నా గొంతుకు పిల్ల రాదని, తన గొంతైతేనే వస్తుందని ఆమెకు చెప్పాను. రేపటి నుంచి పొద్దున, సాయంత్రం. తాలీమ్ మళ్ళీ మొదలు.